వంతెన లెక్కలో నోరు జారిన రోజు

నా కూతురి ఉద్యోగం ఇంటర్వ్యూ నా నోటివల్ల మధ్యలో ఆగిపోయింది. తప్పు జవాబు అందించి చెడగొట్టాననుకుంటారేమో, అదీ కాదు. సరైన జవాబు చెప్పే చెడగొట్టాను. అరవైకి దగ్గరపడ్డదాన్ని, సంతకం మించి చదువు లేనిదాన్ని. పుట్టి బుద్ధెరిగాక పదిమంది వినేలా నేను ఒక ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది ఆ ఒక్కసారే. ఆ ఒక్కసారి మూసుకుని ఉంటే ఎంత బాగుండేదో!

ఇది రాస్తున్నది పక్క లైనులో ఉండే రిటైరైన టీచరమ్మ. "నువ్వు చెప్తాపో, నేను రాస్తాను, భాష కొంచెం దిద్దుకుంటాను" అంది. భాష ఎంతైనా దిద్దుకోమన్నాను. నా తెలివితక్కువతనాన్ని మాత్రం దిద్దొద్దు, ఉన్నది ఉన్నట్టే పెట్టమన్నాను.

మాది చాంపియన్ రీఫ్స్ అనే బంగారు గనుల ఊళ్లో, గనివాళ్లకు వరసగా కట్టిన లైను ఇల్లు. ముందు ఒక గది, వెనక వంటగది. రెంటికీ మధ్య తలుపు లేదు, నా పాత చీర కర్టెనుగా వేలాడుతుంటుంది. మా ఆయన గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక రోజూ రైలెక్కి బెంగళూరు పోయి వాచ్‌మన్ పని చేశాడు. ఐదేళ్ల కింద పోయాడు. ఇప్పుడు ఇంట్లో నేనూ, నా కూతురూ. అది బీసీఏ చదివి నాలుగేళ్లు కావస్తోంది. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో వచ్చిన సామానూ పోయిన సామానూ కంప్యూటర్లో ఎక్కించే పని చేసేది. మనసు మాత్రం ప్రోగ్రాములు రాసే ఉద్యోగం మీదే. ఫ్యాక్టరీ బస్సు దిగి ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, మళ్లీ ఆ లాప్‌టాప్ పెట్టె ముందే కూర్చునేది.

చిక్కేమిటంటే, చదువు ముగించి నాలుగేళ్లు దాటినవాళ్లను కొత్తవాళ్ల వరసలో ఏ కంపెనీ పిలవదట. ఆ గడువు దానికి ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఎన్నిచోట్లకో రాసుకుంటే, చివరికి బెంగళూరులో ఒక్క కంపెనీ పిలిచింది. రెండు పరీక్షలు కంప్యూటర్లోనే రాసి నెగ్గింది. మిగిలింది ముగ్గురు పెద్దలతో మాట్లాడే ఇంటర్వ్యూ. అది కూడా పోయి కూర్చునేది కాదు, ఇంట్లోనే లాప్‌టాప్ ముందు. ఇది పోతే ఇక జన్మంతా స్టోర్సే అని అది నాతో చెప్పలేదు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోతుంటే నాకే అర్థమైంది.

ఆ ఇంటర్వ్యూలో పజిల్స్ అడుగుతారని దానికి ఎవరో చెప్పారు. అంటే చిక్కుప్రశ్నలు. ప్రోగ్రాము రాసే పనికి చిక్కుప్రశ్నలెందుకని అడిగాను.

"జవాబు కోసరం కాదుమా. మనిషి ఎట్లా ఆలోచిస్తాదో చూసేదానికంట."

"ఆలోచన చూసేదానికి కనిపిస్తాదా యాడన్నా?"

"గెట్టిగా చెప్తా ఆలోచించాల. అప్పుడు వాళ్లకి తెలుస్తాది."

గట్టిగా చెబుతూ ఆలోచించడమే పరీక్ష అయితే, నాకు ఈపాటికి మూడు ఉద్యోగాలు రావాలి కదా అనుకున్నాను. నేను ఆలోచించేదంతా లైనుకి ఆ చివరిదాకా వినిపిస్తుంది.

రోజూ సాయంత్రం అది ఫోనులో చూసి ఒక్కొక్క ప్రశ్న చదివేది. నేను వంటగదిలో నుంచి జవాబులు విసిరేదాన్ని. మొదటిది, మూసిన గదిలో బల్బు, బయట మూడు స్విచ్చులు, ఏ స్విచ్చుది ఆ బల్బో ఒక్కసారే లోపలికి పోయి కనిపెట్టాలి. "లోపల ఒకర్ని నిలబెట్టి, వెలిగిందా అని కేకేస్తే సరిపాయె" అన్నాను. రెండోది, ఎనిమిది గుండ్లలో ఒకటి బరువు, తక్కెడలో రెండేసార్లు తూచి చెప్పాలి. "తక్కెడెందుకే, చేతిలో పట్టుకుంటే తెలీదా?" అన్నాను. పెళ్లికి ముందు శ్రీనివాసపురం మామిడి మండీలో కాయలు ఏరినదాన్ని నేను. అది తల పట్టుకుంది.

మూడోది నన్ను పాడుచేసింది. మూడు లీటర్ల చెంబు ఒకటి, ఐదు లీటర్ల బిందె ఒకటి ఇచ్చి, సరిగ్గా నాలుగు లీటర్లు కొలవమంటారు. అంతదాకా నోటితో చెప్పిన నేను లేచి కొళాయి దగ్గరికి పోయాను. బిందె నింపి చెంబులోకి వంచితే బిందెలో రెండు మిగిలాయి. చెంబు ఖాళీ చేసి ఆ రెండూ చెంబులో పోశాను. బిందె మళ్లీ నింపి, చెంబు నిండేదాకా వంచాను. బిందెలో మిగిలినవి నాలుగు. కూతురు ఫోను చూసింది, నన్ను చూసింది.

"మా, ఇదే ఆన్సరు! ఎట్లా వచ్చె నీకు?"

"దాంట్లో ఏముండాది? కానీ చెంబులో నీళ్లు పారబొయ్యమని రాసినాడా వాడు? పారబొయ్యకూడదు. పక్కన బక్కెట్టు పెట్టుకోవాల. అది రాసుకో."

"బక్కెట్టు ప్రశ్నలో లేదుమా."

"లేకపోతే వాడు మన లైనుకి రాలేదని అర్థం."

ఆ రోజు నుంచి నేను నేల మీద నడవలేదు. ఆ వారం చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన కూటంలో లేచి నిలబడి, నా బిడ్డ ఇంటర్వ్యూ కోసం ప్రార్థించండి అని ఊరుకోవచ్చు కదా? "పజిల్స్‌కి నేనే కోచింగ్ ఇస్తా ఉండాను" అని కూడా చెప్పాను. "అట్లైతే అక్కా, నీకూ ఒక సీటు అడుగు ఆ కంపెనీలో" అని ఒకామె అంది. అందరూ నవ్వారు. నాకు అది ఎగతాళి అని తోచలేదు. అడిగితే తప్పేముంది అన్నట్టుగానే తల ఊపాను.

తర్వాత వచ్చింది వంతెన లెక్క. చీకట్లో ఒక వంతెన. నలుగురు దాటాలి. ఉన్నది ఒక్క టార్చి. ఒకసారికి ఇద్దరే నడవాలి, టార్చి లేకుండా ఎవరూ కాలు పెట్టకూడదు, కాబట్టి అవతలికి పోయినవాళ్లలో ఒకరు టార్చి తిరిగి తేవాలి. నలుగురిలో ఒకడు నిమిషంలో దాటుతాడు, ఒకడికి రెండు నిమిషాలు, ఒకడికి ఐదు, ఒకడికి పది. జతగా పోతే నిదానంగా నడిచేవాడి లెక్కే లెక్క. అందరూ దాటడానికి తక్కువలో తక్కువ ఎంతసేపు?

నేను వెంటనే చెప్పాను. నిమిషంవాడు గట్టివాడు. వాడే ఒక్కొక్కరికీ తోడు పోయి దింపి రావాలి. కూడితే పంతొమ్మిది. ఫోనులో మాత్రం పదిహేడు అని ఉంది. వాళ్ల ఉపాయం ఏమిటంటే, ఐదు నిమిషాలవాణ్ణీ పది నిమిషాలవాణ్ణీ జతచేసి, ఒకే విడతలో పంపేయడం. చురుకైనవాళ్లు ఇద్దరూ ముందూ వెనకా నడిచి టార్చి అందిస్తారు.

నాకు ఒళ్లు మండింది. "ఇద్దరు నిదానస్తుల్ని చీకట్లో జతగా పంపేది ఏం తెలివే? ఒకడు కూలబడితే ఇంకొకడు ఏం చేస్తాడు?"

"లెక్కలో ఎవరూ కూలబడరుమా."

"నీ లెక్కకి కాళ్లు లేవు, అందుకే."

మా ఆయన గ్యాంగులో ఒకాయనకు కాలు సరిగా లేదు. పని ముగిశాక గనిలో చీకట్లో, పైకెక్కే షాఫ్టు దాకా నడిచి రావాలి. ఆయన పక్కన ఎప్పుడూ మంచి నడకగాణ్ణే వేసేవాళ్లమని మా ఆయన చెప్పేవాడు. చివరికి మా ఆయనకే ఊపిరి అందని దమ్ము జబ్బు వచ్చింది. మంచం నుంచి కొళాయి దాకా పోవాలంటే మూడుచోట్ల ఆగేవాడు. జబ్బుతో ఉన్న రెండేళ్లూ మా ఇంట్లో పది నిమిషాల మనిషి ఆయనే. నేను చెయ్యి పట్టుకుని నడిచాను. కాబట్టి ఫోను ఎన్ని చెప్పినా ఆ పదిహేడు నా గొంతు దిగలేదు. "ఫోనే తప్పు" అని తీర్పు చెప్పి పొయ్యి దగ్గరికి పోయాను. కూతురు నవ్వి, పదిహేడే రాసుకుంది.

ఇంటర్వ్యూ శనివారం పదకొండు గంటలకు. "మా, ఆ గంటసేపు నువ్వు ఇంట్లో ఉండొద్దు. రూము అంతా కెమెరాలో చూపించమంటారు" అని అది ముందే చెప్పింది. సరే అని పక్కింటికి పోయాను. పోయినదాన్ని అక్కడ ఉండాలా వద్దా? ఆ రోజు గాలి లేచి, బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీది తెల్లటి దుమ్ము లైనంతా కమ్మింది. తొక్క పితికి వండే పితకపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు మూత లేకుండా వంటింట్లో వదిలేశానని గుర్తొచ్చింది. గింజల మీద మూత పెట్టి వచ్చేస్తానని వెనక తలుపు నుంచి పిల్లిలా దూరాను. మూత పెట్టాను. పెట్టినదాన్ని వెళ్లలేదు. ఊరికే ఉండటమెందుకని గింజలు పితుకుతూ కూర్చున్నాను. గింజ పితికితే చప్పుడు రాదు కదా అని నా తెలివి. అప్పటికే నా కూతురు లాప్‌టాప్ తిప్పి గదంతా చూపించి, ఇంట్లో తను తప్ప ఎవరూ లేరని చెప్పింది. అది నాకు తర్వాత తెలిసింది.

ముందు అరగంట ఏవో ప్రోగ్రాము సంగతులు. ఇంగ్లీషు. నా బిడ్డ గొంతు తడబడకుండా పోతోంది. కర్టెను వెనక నేను గింజ పితకడం మరిచి వింటున్నాను, సంతోషంతో. తర్వాత ఒకాయన బ్రిడ్జ్ అన్నాడు. టార్చ్ అన్నాడు. గని ఊళ్లో కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు. వన్, ఫోర్, ఫైవ్, టెన్ అన్నాడు. రెండు ఉండాల్సినచోట నాలుగు వచ్చింది. అది నేను గమనించానా? లేదు. వంతెన వచ్చిందే అని గింజలగిన్నె ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగాను.

కూతురు గట్టిగా చెబుతూ ఆలోచించసాగింది. ముందు వన్, ఫోర్ పోతారు. వన్ టార్చి తెస్తాడు. తర్వాత ఫైవ్, టెన్ కలిసి...

"వద్దు పాపా! ఆ ఇద్దర్నీ జతగా పంపొద్దు! గట్టోడే ఒక్కొక్కర్నీ తోడుండి దాటించాల!"

ఆ గొంతు నాదేనని నాకే ఒక క్షణం తర్వాత తెలిసింది. గిన్నె జారి, గింజలు కర్టెను కిందుగా ముందు గదిలోకి దొర్లాయి. అందాకా ఇంగ్లీషే మాట్లాడిన ఒకాయన చక్కటి తెలుగులో అడిగాడు.

"ఎవరండీ అక్కడ?"

"ఎవురూ లేరప్పా" అన్నాను.

అవును, నేనే అన్నాను. నా నోటితోనే.

ఆయన నవ్వలేదు. "లోపలినుంచి చెప్పిందే కరెక్ట్ ఆన్సర్. కానీ మేము అడిగింది మిమ్మల్ని" అని నా కూతురితో చెప్పి, థాంక్యూ చెప్పి, పెట్టెలోంచి మాయమయ్యాడు. మిగిలిన ఇద్దరూ మాయమయ్యారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో నాకు వినబడింది కరెక్ట్ అన్న మాట ఒక్కటే. కర్టెను తోసుకుని బయటికొచ్చి, "చూస్తివా! నేను అప్పుడే చెప్పలేదా, ఫోనే తప్పని!" అన్నాను. ఇంత నవ్వుముఖం పెట్టుకుని. నా కూతురు నేల మీద గింజలు ఏరుతోంది. తల ఎత్తలేదు. అన్నీ ఏరి గిన్నెలో వేసి, గిన్నె నా చేతికిచ్చి, లాప్‌టాప్ మూసేసింది.

రెండు రోజులు అది నాతో మాట్లాడలేదు. నాతో రెండు గంటలు మాట్లాడకుండా ఉండటమే లైనులో ఎవరివల్లా కాదు, నేను ఉండనివ్వను. దానివల్ల అయింది. మూడో రోజు నేను ఏడుస్తుంటే, కాగితం మీద నాలుగు గీతలు గీసి చూపించింది.

"చూడుమా. పాత లెక్కలో టార్చి తెచ్చేవాళ్లు ఒకటి, రెండు. ఇద్దరూ చురుకు. దీంట్లో రెండోవాడు నాలుగు నిమిషాలోడు. వాడు తిరిగి టార్చి తెస్తే నష్టం. అట్లా పోతే ఇరవై మూడు, నీ మాదిరి తోడు పోతే ఇరవై ఒకటి. బట్టీ కొట్టినోళ్లని పట్టుకునేదానికే నెంబరు మార్చినారు."

"అట్లైతే నాది తెలివే కదా?"

"నీది తెలివి కాదుమా. నువ్వు పాతదానికీ అదే చెప్పినావు, కొత్తదానికీ అదే చెప్పినావు. కొత్తది నీకు కలిసొచ్చె."

అది ఇంకొంచెం మెల్లగా అంది. "నేను చివర్లో కూడి, ఇంకో మాదిరి కూడా చూసి, మార్చుకొనుంటానేమో. మార్చుకోకనే పొయ్యుంటానేమో. ఇంగ నాకు ఎప్పటికీ తెలీదుమా."

ఉద్యోగం పోయిందని అంటే ఓర్చుకునేదాన్ని. ఈ మాట మాత్రం నన్ను కోసింది. అది దాని తెలివి ఎంతో తెలుసుకునే అవకాశం. దాన్ని నేను లాక్కున్నాను, మెచ్చుకోలు కోసం.

మరునాడు అది స్నానానికి పోయినప్పుడు ఫోను తీశాను. ఇంటర్వ్యూ టైము చెబుతూ ఆ కంపెనీ అమ్మాయి మెసేజులు పంపేది. ఆ అమ్మాయి బొమ్మ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు రాయడం రాదు కానీ, మైకు గుర్తు నొక్కి మాట్లాడటం వచ్చు. శ్రీనివాసపురంలో ఉన్న మా అక్కతో నా కబుర్లన్నీ దాంట్లోనే నడుస్తాయి. నొక్కాను. "అమ్మా, ఆ రోజు కూసినది నేనే. నా బిడ్డకి నేను ఇంట్లో ఉండేదే తెలీదు. నన్ను దూరంగా పొమ్మనే చెప్పింది. నాకు సంతకం తప్ప రాదు, నేను కాపీ కొట్టించేదాన్ని కాదు, అరిచేదాన్ని. మీరు దాన్ని ఇంగోసారి పిలవండి, కావలిస్తే నన్ను రైలు స్టేషన్‌లో కూర్చోబెట్టండి" అని కొంత కన్నడం, కొంత తెలుగు కలిపి చెప్పాను. అక్కడితో ఆపానా? మా ఆయన దమ్ము జబ్బు చెప్పాను. బిందె, చెంబు సంగతి చెప్పి, నీళ్లు పారబోయకుండా పక్కన బక్కెట్టు పెట్టమని మీ పెద్దవాళ్లకు చెప్పండి అని కూడా చెప్పాను. మెసేజు నాలుగు నిమిషాల పైన వచ్చింది.

సాయంత్రం జవాబు రాతలో వచ్చింది. నాకు చదవడం రాదు కాబట్టి ఇక దాచలేక ఫోను తెచ్చి దాని చేతికే ఇచ్చాను. ముందు నా మెసేజు వింది. బక్కెట్టు దగ్గర దాని పెదవి కదిలింది. తర్వాత జవాబు చదివింది. గురువారం ఆఫీసుకు వచ్చి కలవమని రాశారు. చివర ఒక ముక్క ఉంది.

"దయచేసి ఒక్కరే రండి అని రాసుండారుమా."

ఆ శనివారం తర్వాత మొదటిసారి అది నవ్వింది. నేనూ నవ్వాను, సగం.

గురువారం స్టోర్సుకు సెలవు పెట్టి పొద్దుటి రైలెక్కింది. ఆ పగలంతా నేను పొయ్యి వెలిగించలేదు. ప్రార్థన కూటం ఆడవాళ్లు ఇద్దరు వచ్చి "ఏమాయె అక్కా మీ కోచింగు?" అని అడిగారు. నోరు తెరవలేదు. నాకు జ్వరమేమోనని ఒకామె నుదురు తడిమి చూసింది.

ఆ రోజు నాకు మండీ గుర్తొచ్చింది. శ్రీనివాసపురంలో నన్ను పనిలో పెట్టుకున్నప్పుడు మండీ యజమాని ఒక మామిడికాయల రాశి చూపించి, దెబ్బతిన్నవి ఒకపక్క, నిలవుండేవి ఒకపక్క వెయ్యమన్నాడు. టీ తాగేంతసేపు నిలబడి చూసి, రేపటి నుంచి రమ్మన్నాడు. వంతెనా లేదు, టార్చీ లేదు. ఏ పనికి మనిషి కావాలో ఆ పనే చేయించి చూడటం కంటే ఏం కావాలి? అలా అని ఆయన నన్ను పూర్తిగా తెలుసుకున్నాడా అంటే లేదు. వారం తిరక్కముందే లారీ డ్రైవర్లు అందరితోనూ నాకు గొడవ. కాయలు ఎక్కించడం కూడా నేనే నేర్పిస్తానని పోయాను మరి. ఆ మొదటి రోజు ఒక చిక్కుప్రశ్న అడిగి ఉంటే, ఈమెకు చేతి కంటే నోరు ముందు కదులుతుందని ఆయనకు తెలిసిపోయేది. ఆ మాత్రం ఉపయోగం ఆ ప్రశ్నలకు ఉందని ఒప్పుకుంటాను.

సాయంత్రం అది వచ్చి చెప్పులు విప్పేలోపే మొదలుపెట్టాను. చెప్పింది. ఎవరో రాసిన ప్రోగ్రాము ఒకటి ఇచ్చి, దీంట్లో తప్పు ఉంది కనిపెట్టమని రెండు గంటలు కూర్చోబెట్టారట. తిరిగొచ్చిన సామాను రెండుసార్లు లెక్కలోకి పోతోందట. ఆ తప్పు వేమగల్ స్టోర్సులో దానికి రోజూ ఎదురయ్యేదే. పట్టుకుంది.

"ఇంగ పజిలు అడగలేదా?"

"అడిగినారు. ఆ తెలుగాయనే."

"వచ్చెనా నీకు?"

"సగం వచ్చె. మిగిలిన సగం తెలీదని చెప్పినాను."

"తెలీదని చెప్పేస్తివా?"

"తెలీదు కదమ్మా, మళ్ల ఏం చెప్పేది?"

గడువుకు నెలరోజుల ముందే ఉత్తరం వచ్చింది. ఆరు నెలలు నేర్చుకునేవాళ్ల కింద, తర్వాత ఉద్యోగం. స్టోర్సువాళ్లు దానికి పూలదండ వేసి పంపారు. ఏది చూసి తీసుకున్నారు, తప్పు పట్టినందుకా, సగం జవాబుకా, తెలీదన్న మాటకా అని అడిగాను. తానూ వాళ్లను అడగలేదంది. తీసుకున్నవాళ్లకైనా తెలుసో లేదో.

ఇప్పుడు అది రోజూ రైల్లో పోయి వస్తోంది. ఆ గురువారం అడిగిన ప్రశ్న ఏమిటో మాత్రం ఇంతవరకూ నాకు చెప్పలేదు. టీ ఇస్తూ అడిగాను, తల దువ్వుతూ అడిగాను, అలిగి అన్నం మాని అడిగాను.

"చెప్పనుమా" అంటుంది. "చెప్తే ఆ తెలుగాయన నెంబరు యాడ దొరుకుతాదా అని చూస్తావు నువ్వు."

నిజమే. చూస్తాను.